కోనసీమ నీళ్లలో వేటాడే పాచి

ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. ప్రతి ఏడూ కీటకాహార మొక్కల దగ్గరకు వచ్చేసరికి నల్లబల్ల మీద మూడు బొమ్మలు వేస్తాను: కూజాలాంటి ఆకుల నెపెంథిస్, జిగురు ఆకుల డ్రోసిరా, నీళ్లలో చిన్న తిత్తులతో పురుగుల్ని పట్టే యుట్రిక్యులేరియా. నెపెంథిస్ మన దేశంలో మేఘాలయ వైపుది, దానికి వేరే ప్రయాణం కావాలి. మిగిలిన రెండూ మన రాష్ట్రంలోనే ఉన్నాయి. అయినా అవి పెరిగే చోటుకు వెళ్లి చూసింది లేదు. ఈ ఏడాది ఒకమ్మాయి లేచి "మీరు చూశారా మేడం?" అని అడిగింది. లేదని చెప్పాను. ఆ సాయంత్రమే అంబాజీపేట దగ్గర పల్లెలో ఉండే పెద్దమ్మకు ఫోన్ చేశాను. నాలుగు రోజులు సెలవు పెట్టాను. తిరిగొచ్చి రెండు రోజులైంది, చెప్పుల్లో బురద ఇంకా పూర్తిగా పోలేదు.

నవంబర్ 16, శనివారం: అంబాజీపేట

రావులపాలెంలో దిగేసరికి అన్నయ్య బండి మీద వచ్చి ఉన్నాడు. వదిన ఇంటి దగ్గర వండుతోందని చెబుతూనే అంబాజీపేటలో బండి ఆపాడు, పొట్టిక్కల కోసం. పనసాకులు నాలుగు కలిపి ఈనెలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. ఆకు విప్పగానే వచ్చే వాసన గుంటూరులో ఏ ఇడ్లీకీ రాదు. కొబ్బరి పచ్చడితో ఇద్దరం తిన్నాం, ఎనభై రూపాయలు. అక్కడే పక్క కొట్లో నలభై రూపాయలు పెట్టి తెల్ల ప్లాస్టిక్ గిన్నె ఒకటి కొన్నాను. కొట్టతను ఎర్రది బాగుంటుందన్నాడు. నీళ్లలో సన్నటి మొక్కను చూడాలంటే అడుగు తెల్లగా ఉండాలి మరి.

ఆ మధ్యాహ్నమంతా వెతికాను, ఏమీ దొరకలేదు. ముందు డ్రోసిరా కోసం చూశాను. అది నేల మీద పెరిగేది, కంటికి సులువుగా ఆనుతుందనుకున్నాను. వరి గట్లు, కొబ్బరి తోటల్లో బోదెల అంచులు, ఏటిగట్టు వాలు, అన్నీ చూశాను. గట్టు మీద ఎక్కడ చూసినా మోకాలెత్తు గడ్డి, తుంగ, పొన్నగంటి. కూర్చుని ఆలోచిస్తే విషయం తేలింది. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు ఇది. ఈ నేలలో ఏ విత్తు పడినా ఏపుగా లేస్తుంది. డ్రోసిరా పురుగుల్ని పట్టేదే నేలలో నత్రజని చాలక. బలం లేని, తడిగా ఉన్న ఇసుక నేలల్లో, పోటీ లేని చోట అది బతుకుతుంది. ఇక్కడ మొలిచినా పక్కనున్న గడ్డి దానికి ఎండ తగలనివ్వదు. పద్నాలుగేళ్లుగా ఈ కారణం పిల్లలకు చెబుతున్నదాన్ని నేనే, బండెక్కే ముందు గుర్తు రాలేదు.

సరే, నీళ్లలో వెతుకుదామని పంట కాలువ పక్కకు వెళ్లాం. కాలువ నిండా గుర్రపు డెక్క. దాని సందుల్లో పసుపు పువ్వు కనిపించి గుండె ఝల్లుమంది. అన్నయ్య కర్రతో లాగి ఇచ్చాడు. నాలుగు రేకులు విడివిడిగా విచ్చుకున్న పువ్వు, గట్టి కాడ, బురదలో వేళ్లు. లడ్విజియా అనే వేరే మొక్క అది. యుట్రిక్యులేరియా పువ్వుకు రెండు పెదవులు ఉంటాయి, వెనక చిన్న కొమ్ము ఉంటుంది, మొక్కకు వేళ్లే ఉండవు. ఇంకో చోట నీళ్లలో పచ్చటి కుచ్చు దొరికింది, దానికీ వేళ్లు లేవు. ఈసారి దొరికిందే అనుకున్నాను. చేతిలో పట్టుకుంటే గరగరలాడింది, ఆకులు కాండం చుట్టూ వలయాలుగా ఉన్నాయి, ఒక్క తిత్తి లేదు. సెరటోఫిల్లం అనే ఇంకో నీటి మొక్క అది.

రాత్రి భోజనంలో ఆవ పెట్టి వండిన కంద బచ్చలి కూర. మాగాయ, గడ్డ పెరుగు. కార్తీకమాసం కదా, ఆ ఇంట్లో నెలంతా నీచు లేదు, ఉల్లిపాయ కూడా లేదు. నేనెందుకు వచ్చానో పెద్దమ్మకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. వడ్డిస్తున్న గరిటె ఆపి, "కార్తీకంలో మాంసం తినే మొక్క కోసం వచ్చావుటే?" అంది. కాసేపాగి తనే, "రేపు ఊరవతల తామర చెరువుకు తీసుకెళ్లరా దాన్ని. అక్కడ ఎరువు నీళ్లు కలవవు" అని అన్నయ్యకు చెప్పింది. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అందిన అసలైన సలహా అదే.

నవంబర్ 17, ఆదివారం: తామర చెరువు

తెల్లవారుజామున ఐదింటికి వెళ్లాం. ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలోకి వదులుతున్నారు. మంచు పట్టి అవతలి గట్టు కనబడటం లేదు, దీపాలు వెళ్లి వెళ్లి అందులో కలిసిపోతున్నాయి. వెలుగొచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను. నా బ్యాగులోంచి బయటపడిన భూతద్దం చూసి ఒకావిడ "ఎవరి తాలూకమ్మా మీరు?" అని అడిగింది. పెద్దమ్మ ఇంటిపేరు చెప్పాక గట్టు మీదున్న అందరికీ నేను చుట్టాన్నైపోయాను. ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్లమని ముగ్గురు పిలిచారు.

ఎండ పడ్డాక కనిపించాయి. తామరాకుల మధ్య ఖాళీల్లో, నీటికి జానెడు ఎత్తున, సన్నటి కాడల మీద పసుపు పువ్వులు. ఒక్కో కాడకు నాలుగైదు. గట్టుకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి, దిగితే నడుములోతు బురద. తామర పూలు కోసే తాతగారు ఒకాయన దోనె మీద ఉన్నారు. అన్నయ్య కేకేస్తే దగ్గరకు వచ్చారు. పసుపు పువ్వున్న మొక్క ఒకటి కావాలని అడిగాను.

"తామర పువ్వు అడుగుతారు గానీ పాచి ఎవరూ అడగలేదండీ" అంటూనే వెళ్లి, చేయి ముంచి లాగారు. అలా లాగుతూనే ఉన్నారు. పువ్వు వేలి కొసంత, కింద మొక్క మాత్రం బారెడు. మెత్తటి ఆకుపచ్చ తోకలా బయటికొచ్చింది.

నీళ్లలోంచి తీసిన వెంటనే చెవి దగ్గర పెట్టుకోవాలని ఎప్పుడో చదివాను. పెట్టుకున్నాను. చిటపటమని వినిపించింది, తడి బట్ట మీద ఇసుక రాలుతున్నంత సన్నగా. గాలి తగిలి తిత్తులు ఒక్కొక్కటే పేలుతున్న చప్పుడు అది. అన్నయ్యకిచ్చాను, తాతగారికిచ్చాను. ఆయన దోనెలో కూర్చునే చెవికి ఆనించుకుని చాలాసేపు ఉండిపోయారు. "అరవై ఏళ్లుగా దీన్ని పీకి గట్టు మీద పారేస్తన్నానండి. ఎప్పుడూ ఇనలేదు" అన్నారు.

తెల్ల గిన్నెలో చెరువు నీళ్లు పోసి చిన్న ముక్క వేశాను. ఆకులు వెంట్రుకల్లా చీలి ఉన్నాయి, వాటి నడుమ తిత్తులు. పెద్దవి ఆవగింజ కన్నా కాస్త పెద్దగా, చిన్నవి గసగసాలంత. లేతవి గాజులా తెల్లగా ఉన్నాయి, కొన్ని నల్లగా ఉన్నాయి. నల్లటివి ఆహారం పట్టినవి. భూతద్దంలో ఒక దాంట్లో డాఫ్నియా అనే చిన్న నీటి పురుగు కాలు కనిపించింది. ఇంకో తిత్తి మూతి దగ్గర దోమపిల్ల సగం లోపల, సగం బయట ఇరుక్కుని ఉంది.

దీని పేరు వచ్చిందే ఈ తిత్తి వల్ల. లాటిన్‌లో యుట్రిక్యులస్ అంటే చిన్న తోలు సంచి, మన నీళ్ల తిత్తి లాంటిదే. మొక్క తిత్తి లోపలి నీటిని గోడల గుండా బయటికి తోడేస్తుంది. గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. మూతి దగ్గర తలుపు, ఆ తలుపు మీద సన్నటి నూగు. ఏదైనా పురుగు వచ్చి ఆ నూగును తాకిందా, తలుపు తెరుచుకుని నీళ్లతో సహా పురుగును లోపలికి పీల్చేసి మూసుకుంటుంది. ఇదంతా సెకనులో కొన్ని వెయ్యో వంతుల్లోనే అయిపోతుంది. 1875లో కీటకాహార మొక్కల గురించి రాసిన డార్విన్ అంతటివాడే పురుగు తనే తలతో తలుపు తోసుకుని లోపలికి పోతుందనుకున్నాడు. అంత వేగాన్ని కంటితో ఎలా పట్టగలడు?

ఇది ఏ జాతో తేల్చడానికి గంటసేపు పట్టింది. ముందు పూకాడ చూడాలి: మధ్యలో ఎక్కడా తేలేందుకు ఉబ్బిన భాగాలు లేవు, నున్నగా ఉంది. తర్వాత కాయలు: పువ్వు రాలాక తొడిమ కిందికి వంగి, గుండ్రటి కాయ నీళ్లవైపు వేలాడుతోంది. ఆకులు పొడవు, మొక్క లావు. మూడూ కలిపితే యుట్రిక్యులేరియా ఆరియా. 1790లో లూరేరో అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన పేరు, ఆరియా అంటే బంగారు రంగుది. ఒక్క పువ్వు ఫొటో చూసి ఈ పేరు చెప్పేవాళ్లను నేను నమ్మను. ఈ పసుపు జాతుల పువ్వులు దూరం నుంచి ఒకేలా ఉంటాయి. కాడ, కాయ, తిత్తి, ఈ మూడూ చూడాలి.

"అయితే దోమపిల్లల్ని తింటాదాండీ ఇది?" అని తాతగారు రెండుసార్లు అడిగారు. తింటుందని, కళ్లారా చూడమని భూతద్దం ఇచ్చాను. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆరు తామర మొగ్గలు కట్ట కట్టి పెద్దమ్మకు ఇమ్మన్నారు. మొక్క ముక్కల్ని తిరిగి చెరువులోనే వదిలేశాను. వేళ్లు లేని మొక్క కాబట్టి తెగిన ముక్క మళ్లీ పెరుగుతుంది.

మధ్యాహ్నం ఉసిరి చెట్టు కింద వనభోజనాలు. ఎనభై మంది విస్తళ్ల ముందు కూర్చుని ఉండగా అన్నయ్య లేచి చెరువులో పాచి చప్పుడు గురించి చెప్పాడు. భోజనాలయ్యాక పిల్లలు పదిమంది చెరువుకు పరుగెత్తారు. వాళ్ల వెనక వాళ్ల అమ్మలు కేకలేస్తూ.

నవంబర్ 18, సోమవారం: సఖినేటిపల్లి రేవు, నరసాపురం, పాలకొల్లు

వసిష్ఠ గోదావరి దాటి అవతల చూద్దామన్నది నా కోరిక. సఖినేటిపల్లి రేవులో బండితో సహా పంటు ఎక్కాం. పంటు మీద ఒక కారు, పది బళ్లు, గడ్డి మోపులు, శివాలయాలకు వెళ్లే జనం. కార్తీక సోమవారం. అన్నయ్య ఉపవాసం, నక్షత్రం చూశాక గానీ తినడు. నేను ఉండలేనని ముందే చెప్పేశాను.

నరసాపురం దాటాక దారి తప్పాం. మురుగు కాలువ గట్టు పట్టుకుని పోతే చెరువులు వస్తాయని ఒకాయన చెప్పాడు. వచ్చాయి, కానీ అవి రొయ్యల చెరువులు. అరగంటసేపు వాటి మధ్యే తిరిగాం. ఏరేటర్లు నీళ్లను చిలుకుతున్నాయి, చుట్టూ నీలం వలలు, పైన పిట్టలు వాలకుండా తీగలు. నీళ్లలో ఒక్క గడ్డిపరక లేదు. ఉండకుండానే పెంచుతారు. ఇవి ఇంతకుముందు వరి చేలు, అక్కడక్కడా కలువ గుంటలు అని అన్నయ్య చెప్పాడు. రొయ్య మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో నాకు తెలుసు, వాళ్లను తప్పు పట్టను. కానీ గిన్నె చేతిలో పట్టుకుని ఆ గట్ల మీద నడుస్తుంటే బాధేసింది. ఊరికొక్క పాత గుంటైనా ఇలా మారకుండా ఉండనివ్వాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఒక రైతు గబగబా మా వైపు వచ్చాడు. నీళ్లలోకి వంగి చూస్తూ ఫొటోలు తీసే ఇద్దరిని చూస్తే ఎవరికైనా అనుమానమే. "సర్వే వాళ్లాండీ?" అన్నాడు ముందు. కాదని, మొక్క కోసమని చెప్పి ఫోనులో నిన్నటి ఫొటో చూపించాను. నమ్మలేదు. అన్నయ్య మాట కలిపి, ఏ ఊరు, ఎవరి అల్లుడు, ఏ చేనికి ఎంత పండింది అన్నీ అయ్యాక ఆయన మెత్తబడ్డాడు. "ఇక్కడ దొరకదండి. ఆ వంతెన దాటి ఎడం పక్క పల్లంలో వరి కోయకుండా వదిలేసిన పొలం చెక్క ఉంది, నీళ్లు నిలబడ్డాయి, చూసుకోండి" అన్నాడు. వెళ్లేముందు చెరో కొబ్బరి బొండం కొట్టించి ఇచ్చాడు. ఉపవాసం కాబట్టి అన్నయ్యకు అదే ఆ పూట ఆహారం.

ముందు పాలకొల్లు వెళ్లాం. క్షీరారామం చుట్టూ జనం, గోపురం కనిపించేంత దూరంలోనే బండి ఆపేయాల్సి వచ్చింది. దండం అక్కడినుంచే. దిబ్బరొట్టె మాత్రం వదల్లేదు. మినప్పిండి, బియ్యం రవ్వ కలిపి మందంగా పోసి, మూత మీద కూడా నిప్పులు పెట్టి కాలుస్తారు. పైన కరకర, లోపల దూది. పక్కన చెరుకు పానకం. అన్నయ్యకు ఒకటి కట్టించాను.

మూడున్నరకు ఆ పల్లం చెక్క దగ్గరకు చేరాం. మోకాలులోతు నీళ్లు. పసుపు పువ్వులు ఉన్నాయి, కానీ నిన్నటివాటి కన్నా పొట్టిగా. దిగాను. కాలికి జలగ పట్టింది, ఉప్పు పెట్టి వదిలించుకున్నాను. పూకాడను నెమ్మదిగా పైకెత్తితే కాడ నడిమిన చక్రంలా తేలేందుకు ఉబ్బిన ఐదు భాగాలు, స్పాంజిలా మెత్తగా, ఒక్కోటి అర అంగుళం. పువ్వు నీళ్లలో పడిపోకుండా ఆ చక్రం మోస్తోంది. పైనుంచి చూస్తే అచ్చం నక్షత్రం. యుట్రిక్యులేరియా స్టెల్లారిస్. స్టెల్లా అంటే నక్షత్రమే. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ కొడుకు పెట్టిన పేరు ఇది.

"అన్నయ్యా, నక్షత్రం చూసేశావు. ఇక తినొచ్చు" అన్నాను. వాడు నీళ్లలోకి వంగి ఆ ఐదు మొనల్నీ వేలితో లెక్కపెట్టాడు. తినలేదు. ఆరున్నరకు పంటు మీద, గోదావరి నడుమ, పైన చుక్క కనిపించాకే పొట్లం విప్పాడు. సగం నాకే పెట్టాడు.

ఆ చెక్క అంచున మూడోది కూడా ఉంది, దాని గురించి రాత్రి ఫొటోలు పెద్దవి చేసి చూసుకుంటే గానీ తెలియలేదు. దారాలంత సన్నటి మొక్క, బురద మీద చాపలా పరుచుకుని ఉంది. కాడకు ఒకటో రెండో పువ్వులు. అది యుట్రిక్యులేరియా గిబ్బా అని నా నమ్మకం. కానీ కాయ చూడలేదు, కొమ్ము ఫొటోలో మసకగా ఉంది. నోట్‌బుక్కులో పక్కన ప్రశ్నార్థకం పెట్టాను, అది అలాగే ఉంటుంది.

నవంబర్ 19, మంగళవారం: సామర్లకోట, పెద్దాపురం మెట్ట

పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని, సంచి నిండా కొబ్బరికాయలు పెట్టి పంపింది. సామర్లకోట రావడానికి నాకొక కారణం ఉంది. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి ఇక్కడ ఉండి, మిరియాల తోటలు వేయించి, ఈ తీరంలోని మొక్కలన్నీ గీయించడం మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా వెళ్లిపోయాక, 1795 నుంచి ఆ బొమ్మలు అచ్చయ్యాయి. వాటిని గీసింది మన దేశపు చిత్రకారులే. ఆయన తిరిగిన కాలానికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, అది పూర్తయింది 1852లో. ఈ పంట కాలువలూ అప్పటికి లేవు. అప్పుడు ఈ పల్లాల్లో వాన నీళ్లు, వరద నీళ్లు నిలిచిన మడుగులు ఎలా ఉండేవో అనుకుంటూ భీమేశ్వరుడి గుడి కోనేటి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

డ్రోసిరా మీద ఆశ చావలేదు. పెద్దాపురం వైపు వెళ్తే ఆయకట్టు అయిపోయి మెట్ట మొదలవుతుంది, ఎర్రమట్టి. ఆటో అతను ఆరు వందలు అడిగి నాలుగు వందలకు వచ్చాడు, రెండు గంటలు ఆగుతానన్నాడు, మూడు గంటలు ఆగాడు. జీడిమామిడి తోటల పక్కన వాలు, గులకరాళ్లు కలిసిన ఎర్ర ఇసుక. నేల చూడగానే ఇది కావలసిన నేలే అనిపించింది. రూపాయి బిళ్లంత, నేలకు అతుక్కున్న ఎర్రటి ఆకుల చక్రం, ఆకుల అంచున జిగురు చుక్కలు, దానికోసం మోకాళ్ల మీద పాకినట్టే వెతికాను. ఒక చోట ఎర్రటి చిన్న మొక్క కనిపించింది. వేలితో తాకితే జిగురు లేదు, ఏదో కలుపు పిల్ల. నేల పైన పెళుసుగా ఎండిపోయింది, పల్లంలో ఊట ఆరి తెల్లటి చార మిగిలింది.

మేకలు కాస్తున్న ఆవిడ నా పక్కనే వచ్చి కూర్చుంది. ఫొటో చూపించాను. చాలాసేపు చూసి, "మేక తినని మొక్కని మేం చూడమమ్మా" అంది. తర్వాత లేచి, "వానలప్పుడు అయితే ఈ పల్లం అంతా చెమ్మ ఊరతాది, కాలు దిగిపోతాది. అప్పుడు రండి" అని ఆ తెల్లటి చారను కర్రతో గీసి చూపించింది. రెండు కొబ్బరికాయలు ఆవిడకిచ్చాను. వచ్చే సెప్టెంబరు నెల మీద నోట్‌బుక్కులో గుర్తు పెట్టుకున్నాను.

సాయంత్రం సామర్లకోటలో రైలెక్కి తలుపు దగ్గరే నిలబడ్డాను. కట్ట వేయడానికి మట్టి తవ్విన గుంటలు పట్టాల పక్కనే వరసగా వస్తున్నాయి, నీళ్లతో. ద్వారపూడి ఇంకా రాలేదు. ఒక గుంట నిండా పసుపు పువ్వులు. పొట్టి కాడలే. పక్కన నిలబడ్డ కుర్రాడి భుజం తట్టి చూపించాను, "ఏంటండీ అవి?" అన్నాడు. కాడ నడుమ చక్రం ఉందో లేదో చూద్దామని వంగాను. అప్పటికే గుంట దాటిపోయింది.